వీసాపై ఎవరి పేరు? బస్తర్ యువత ముందున్న విదేశీ డెలివరీ కొలువుల ప్రశ్న

బస్తర్ నుంచి దక్షిణానికి సాగే వలస కొత్తది కాదు. సంక్రాంతి వెళ్లిన తరువాత బీజాపూర్, సుక్మా జిల్లాల పల్లెల నుంచి ఆదివాసీ కుటుంబాలు చర్ల, వెంకటాపురం, ఏటూరునాగారం ప్రాంతాలకు మిర్చి కోతల కోసం తరలివస్తాయి. కూలి కొంత డబ్బు రూపంలో, కొంత మిరపకాయల రూపంలో ముడుతుంది. ఆ ప్రయాణానికి కాగితం ఉండదు. మేస్త్రీ మాటే ఒప్పందం. ఆ మాటకు విలువ లేకుండా పోయిన రోజున ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో దేశం చూసింది. లాక్‌డౌన్ వేళ ములుగు ప్రాంతపు మిర్చి చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంత ఊరికి కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ల బాలిక మూడు రోజులు నడిచి, ఇల్లు చేరడానికి కొద్ది దూరంలో ప్రాణం విడిచింది. ఆ బాలిక ఎవరి దగ్గర పని చేసిందో, ఆమెకు బాధ్యులెవరో చెప్పే పత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు అదే ప్రాంతపు యువతరం ముందుకు మరో దారి వస్తోంది. మావోయిస్టు హింసను అంతం చేసేందుకు 2026 మార్చి 31ని గడువుగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నేపథ్యంలో, బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో రోడ్ల నిర్మాణం, మొబైల్ టవర్ల ఏర్పాటు వేగం పుంజుకున్నాయి. రోడ్డుతో పాటు మోటారు సైకిలు, టవరుతో పాటు స్మార్ట్‌ఫోన్ పల్లెకు చేరతాయి. ఆ ఫోన్‌లో కనిపించే ప్రకటనల్లో ఒకటి దేశమంతటా ఒకే తీరుగా ఉంటుంది: విదేశంలో డెలివరీ డ్రైవర్ ఉద్యోగం, వీసా కంపెనీయే ఇస్తుంది, చదువుతో పని లేదు. బండి నడపడం వచ్చిన యువకుడికి ఇంతకన్నా సులువైన మాట మరొకటి వినిపించదు. అయితే ఆ వాక్యంలోని 'కంపెనీ' అన్న పదం వెనుక ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. డెలివరీ రంగంలో చొక్కాపై ఉండే పేరు ఒకటి, వీసాపై ఉండే పేరు మరొకటి. కష్టకాలంలో బాధ్యత వహించవలసింది రెండో పేరు గలవారే.

ఏ దేశంలో ఈ వీసా ఉంది?

ముందుగా తెలుసుకోవలసిన విషయం, ప్రకటనల్లో కనిపించే దేశాలన్నిటిలో డెలివరీ పనికి వీసా దొరకదన్నది. బ్రిటన్‌లో 2021లో లారీ డ్రైవర్ల కొరత తీవ్రమైనప్పుడు అక్కడి ప్రభుత్వం భారీ సరకు వాహనాల డ్రైవర్ల కోసం 5,000 తాత్కాలిక వీసాలను ప్రకటించింది. అవి కొద్ది నెలల గడువుకే పరిమితమయ్యాయి. నైపుణ్య ఉద్యోగుల వీసాకు అర్హత స్థాయిని ఆ దేశం 2025 జూలై 22 నుంచి డిగ్రీ స్థాయికి పెంచింది. ఇంటింటికీ సరకు చేర్చే డ్రైవర్ పనికి అంతకు ముందు కూడా ఆ వీసా వర్తించలేదు. అమెరికా 2025 ఆగస్టు 21న వాణిజ్య ట్రక్కు డ్రైవర్లకు ఉద్యోగ వీసాల జారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది.

కెనడాలో విదేశీ కార్మికుణ్ణి నియమించదలచిన యజమాని సాధారణంగా స్థానిక కార్మిక విపణిపై ప్రభావాన్ని మదింపు చేయించి, ఆ ప్రభుత్వ అనుమతి పొందాలి. అందుకు చెల్లించవలసిన వెయ్యి డాలర్ల రుసుమును యజమానే భరించాలి, కార్మికుడి నుంచి రాబట్టుకోవడం నిషిద్ధం. కనుక ఆ అనుమతి పత్రాన్ని లక్షల రూపాయలకు అమ్మజూపే వ్యక్తి, తాను చట్టాన్ని ఉల్లంఘిస్తున్నానని తానే చెప్పుకుంటున్నట్లు లెక్క.

జపాన్ పరిస్థితి కొంత భిన్నం. వృద్ధుల సంఖ్య పెరిగి శ్రామికుల కొరత ఏర్పడిన ఆ దేశం 2024 మార్చిలో 'నిర్దిష్ట నైపుణ్య కార్మికుల' వీసా పరిధిలోకి ట్రక్కు, బస్సు, టాక్సీ డ్రైవర్లను చేర్చింది. ఈ వీసాపై భారత్‌కు, జపాన్‌కు మధ్య 2021 జనవరి నుంచి సహకార ఒప్పందం అమలులో ఉంది. కానీ జపనీస్ భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష, ఆ దేశపు డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి. నెలల తరబడి భాషా శిక్షణ ఇచ్చే వ్యవస్థ జిల్లా స్థాయిలో ఉంటే తప్ప ఈ దారి బస్తర్‌కు చేరువ కాదు.

మిగిలింది గల్ఫ్. యజమాని హామీతో డెలివరీ పనికి వీసా పెద్ద సంఖ్యలో, వాస్తవంగా లభించేది అక్కడే. అందువల్ల ఆశలకైనా, మోసాలకైనా ఆస్కారం ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

కఫీల్ ఎవరు?

గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుడి నివాసానుమతి ఒక యజమానితో ముడిపడి ఉంటుంది. ఆ యజమానిని కఫీల్ అని, నివాసానుమతిని అకామా అని తెలంగాణ పల్లెల్లో చదువురాని వారు కూడా చెప్పగలరు. ఆహారం, సరుకులు చేరవేసే రంగంలో ఈ సంబంధం మూడు ముక్కలైంది. ఆర్డర్ ఇచ్చేది ఒక యాప్. రైడర్‌ను నియమించి వీసా ఇప్పించేది తరచుగా మరొక చిన్న కాంట్రాక్టు సంస్థ. బండి ఇంకో సంస్థది కూడా కావచ్చు. రైడర్ వేసుకునే చొక్కాపై, వీపున మోసే పెట్టెపై పెద్ద సంస్థ పేరు ఉంటుంది. జీతం ఆగినా, ప్రమాదం జరిగినా, పని మానుకోవాలనుకున్నా తేల్చుకోవలసింది కాంట్రాక్టు సంస్థతోనే.

సౌదీ అరేబియా ఈ ఏర్పాటును నిబంధనగానే మార్చింది. సౌదీయేతర డెలివరీ డ్రైవర్లు తేలికపాటి రవాణా కంపెనీల ద్వారానే పని చేయాలని ఆ దేశ రవాణా ప్రాధికార సంస్థ 2024లో నిర్ణయించి, దశలవారీగా అమలు చేసింది. మధ్యలో ఒక సంస్థ ఉండడం దానంతట అది తప్పేమీ కాదు. అది లైసెన్సు గల సంస్థా, ఎంత మందిని నడుపుతోంది, జీతాలు బ్యాంకు ద్వారా ఇస్తోందా అన్నవి బయలుదేరక ముందే తెలియాలి.

ఈ పనిలో ఆదాయం ఎలా ఊగిసలాడుతుందో 2022 మే నెలలో దుబాయ్‌లో బయటపడింది. ఒక్కో డెలివరీకి ఇచ్చే మొత్తాన్ని 10.25 దిర్హంల నుంచి 8.75 దిర్హంలకు తగ్గించాలని డెలివరూ సంస్థ తలపెట్టగా, రైడర్లు పని ఆపేశారు. సంస్థ వెనక్కు తగ్గింది. కొద్ది రోజులకే తలబాత్ రైడర్లు కూడా పెంపు కోరుతూ పని నిలిపివేశారు. సమ్మెలకు చట్టబద్ధమైన చోటు లేని దేశంలో ఇది అరుదైన సంఘటన. డెలివరీకి దిర్హంన్నర తేడా చిన్నదిగా కనిపించవచ్చు. రోజుకు 20 డెలివరీలు చేసే వ్యక్తికి అది 30 దిర్హంలు. దిర్హం సుమారు 23 రూపాయల చొప్పున చూసినా రోజుకు దాదాపు 700 రూపాయలు. కాబట్టి నెలజీతం ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. స్థిర జీతం ఎంత, డెలివరీకి ఎంత, ఆర్డర్లు లేని రోజున ఎంత అని విడివిడిగా అడగాలి.

ఖర్చుల సంగతి కూడా అలాంటిదే. భారత్‌లో తీసుకున్న లైసెన్సు చూపి ఎమిరేట్స్‌లో ఉద్యోగిగా బండి నడపడం కుదరదు. అక్కడి లైసెన్సు పొందాలి. దుబాయ్‌లో డెలివరీ రైడర్లకు ప్రత్యేక శిక్షణ కూడా ఉంది. ఆ ఖర్చు ఎవరిది, శిక్షణ కాలంలో తిండి, వసతి ఎవరివి, బండి అద్దె, పెట్రోలు, మొబైల్ సిమ్, ట్రాఫిక్ జరిమానాలు ఎవరి ఖాతాలో పడతాయి అన్నవి ఒప్పందంలో రాసి ఉండకపోతే, అవన్నీ జీతంలోంచే కోతపడే అవకాశం ఉంది.

ఎండ మరో సమస్య. కువైట్, ఖతర్ దేశాలు వేసవి మధ్యాహ్న వేళల్లో మోటారు సైకిళ్లపై డెలివరీని నిషేధించాయి. దుబాయ్ రవాణా సంస్థ రైడర్ల కోసం 40 శీతల విశ్రాంతి గదులను నిర్మించింది. ప్రాణాలు కాపాడే చర్యలివి. అయితే డెలివరీ లెక్కన కూలి పొందే రైడర్‌కు బండి ఆగిన గంటలన్నీ ఆదాయం లేని గంటలే. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారన్నది కూడా ఒప్పందమే చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద ముప్పు ప్రమాదం. ఎమిరేట్స్‌లో రోడ్డు ప్రమాదం వల్ల మరొకరు మరణిస్తే బాధ్యుడు చెల్లించవలసిన రక్తపరిహారం 2 లక్షల దిర్హంలు, అంటే మన లెక్కలో దాదాపు 46 లక్షల రూపాయలు. చెల్లుబాటయ్యే లైసెన్సు, బీమా ఉంటే ఆ భారం బీమా సంస్థ మోస్తుంది. సందర్శక వీసాపై వెళ్లి, లైసెన్సు లేకుండా మరొకరి పేరుతో బండి నడిపే యువకుడికి ఆ రక్షణ ఉండదు. ఒక్క మలుపులో జరిగిన పొరపాటు ఒక కుటుంబాన్ని తరతరాల అప్పులోకి నెట్టగలదు.

కరీంనగర్ నేర్చుకున్నది

గల్ఫ్ వలసలో ఉత్తర తెలంగాణకు యాభై ఏళ్ల అనుభవం ఉంది. 1970లలో చమురు ధరలు పెరిగి అరబ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్ననాటి నుంచి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల్లో దుబాయ్, మస్కట్ ఇరుగుపొరుగు ఊళ్ల పేర్లలాగా మారాయి. ఆ పల్లెలు ఈ విద్యను ఉచితంగా నేర్వలేదు. 'ఆజాద్ వీసా' పేరుతో కొన్న వీసాపై దిగి, కఫీల్ ఎవరో తెలియక రోడ్డున పడినవారు, కఫీల్‌ను వదిలి పారిపోయి 'ఖల్లివల్లి' అన్న ముద్రతో ఏళ్ల తరబడి దాక్కుని బతికినవారు, శవపేటికలో తిరిగివచ్చినవారు ఆ జిల్లాల్లో ఊరికి ఒకరైనా ఉన్నారు. ఆ నష్టాల నుంచే ఒక అనుభవ జ్ఞానం ఏర్పడింది. కొత్తగా బయలుదేరే యువకుడికి దుబాయ్‌లో ఒక మేనమామో, బావో, ఊరివాడో ఉంటాడు. వీసా కాగితం ఫొటో ముందు అతనికి చేరుతుంది. కంపెనీ మంచిదో కాదో అతను విచారించి చెబుతాడు.

ప్రభుత్వం వైపు నుంచి కూడా కొంత ఏర్పాటు జరిగింది. నమోదిత నియామక సంస్థగా పని చేసే తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, టామ్‌కామ్, 2015లో ఏర్పడింది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రవాసాంధ్రుల కోసం ప్రత్యేక సంస్థ ఉంది. ఇవి చాలునా అన్న చర్చ వేరు. కష్టం వస్తే తట్టవలసిన తలుపు ఒకటి ఉందన్నది ముఖ్యం.

బస్తర్‌కు ఈ రెండూ లేవు. అక్కడి పల్లెకు భద్రాచలం తెలుసు, ఏటూరునాగారం తెలుసు. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారున్నారు. శతాబ్దాల కిందట వరంగల్ నుంచి వెళ్లిన కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు అక్కడ రాజ్యాన్ని స్థాపించాడన్న చరిత్ర ఉంది. ఇంత దగ్గరి సంబంధం ఉన్నా, గోదావరికి ఇవతలి జిల్లాలు యాభై ఏళ్లలో నేర్చుకున్న గల్ఫ్ పాఠం అవతలికి చేరలేదు. అక్కడి యువకుడి వీసా కాగితాన్ని సరిచూసి చెప్పే మేనమామ దుబాయ్‌లో లేడు. ఆ కాగితాన్ని అతనికి చదివి వినిపించే మనిషి, దాన్ని అమ్మజూపుతున్న ఏజెంటే. మిర్చి కోతలకు పంపిన మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చి కూర్చుంటే, దూరం మాత్రమే మారుతుంది. పైగా మిర్చి చేల నుంచి కాలినడకనైనా బయలుదేరవచ్చు. ఎడారి నుంచి ఆ అవకాశం కూడా ఉండదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

భారత వలసల చట్టం 1983 నాటిది. దాని ప్రకారం కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంట్లు మాత్రమే విదేశీ ఉద్యోగాలకు నియామకాలు జరపాలి. ఊళ్లలో తిరిగే ఉప ఏజెంట్లకు ఆ చట్టంలో స్థానం లేదు. నమోదిత ఏజెంటు వసూలు చేయగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400 రూపాయలు. దానికి రసీదు ఇవ్వాలి. ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న కార్మిక చట్టం, నియామక ఖర్చును యజమానే భరించాలని, కార్మికుడి పాస్‌పోర్టును అట్టిపెట్టుకోరాదని చెబుతోంది. ఉద్యోగ ప్రతిపాదన పత్రాన్ని హిందీలో కూడా పొందే వీలు అక్కడ ఉంది. రెండు దేశాల చట్టాలను కలిపి చదివితే, లక్ష రూపాయలో, లక్షన్నరో అడిగే ఏజెంటుకు ఏ చట్టంలోనూ ఆధారం లేదు.

లక్ష రూపాయల అప్పు అంటే ఏమిటో పల్లెకు వేరే చెప్పనవసరం లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,000. రెండేళ్ల ఒప్పందం ముగిసేనాటికి వడ్డీయే 48,000. ఆ అప్పు తీరేదాకా రైడర్ జీతం ఆగినా, ఎండ కాల్చినా పని మానలేడు. కఫీల్ చేతిలో పాస్‌పోర్టు ఉన్నా లేకపోయినా, ఊళ్లోని ప్రామిసరీ నోటు అతన్ని కట్టి ఉంచుతుంది.

చట్టపు రక్షణలో ఒక విచిత్రమైన ఖాళీ కూడా ఉంది. పదో తరగతి ఉత్తీర్ణులు కాని వారికి వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు, అంటే ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. గల్ఫ్‌లోని ఆరు దేశాలతో పాటు మరికొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు వారు ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా అనుమతి పొందాలి. ఆ క్రమంలో యజమాని వివరాలు, ఒప్పందం ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి అవుతుంది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. పదో తరగతి పాసైన వారికి మాత్రం ఈ తనిఖీ లేదు. వారి వివరాలను కూడా 2019 జనవరి 1 నుంచి తప్పనిసరిగా నమోదు చేయాలని విదేశాంగ శాఖ 2018 నవంబరులో ప్రకటించి, అదే నెలలో ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టింది. ఫలితంగా కష్టపడి పదో తరగతి గట్టెక్కిన ఆదివాసీ యువకుడు, చదువు మానేసిన తమ్ముడి కంటే తక్కువ రక్షణతో విమానం ఎక్కవచ్చు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకోగలడన్న భావన పై తరగతులకు సరిపోవచ్చు. ఆ ఇంట్లో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి మనిషికి అది సరిపోదు.

మోసపు ఏజెంట్లు ఈ తనిఖీని తప్పించుకోవడానికే సందర్శక వీసా దారి ఎంచుకుంటారు. 2023 అక్టోబరు నాటికి 2,925 మంది అనధికార ఏజెంట్ల పేర్లను ఈ-మైగ్రేట్‌లో ప్రకటించినట్లు విదేశాంగ శాఖ ఆ ఏడాది డిసెంబరులో తెలిపింది. వారు ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి మాధ్యమాల ద్వారా ఎర వేస్తారని, ఉద్యోగ వీసాకు బదులు పర్యాటక వీసాపై పంపుతారని హెచ్చరించింది. 1983 చట్టం ప్రకారం ఈ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. ఒక్క వీసాపై లక్ష రూపాయలు గుంజే వ్యక్తికి ఈ జరిమానా భయం కలిగించదు. ఇటు ఎమిరేట్స్ 2024లో, అనుమతి లేకుండా విదేశీయులను పనిలో పెట్టుకునే సంస్థలకు లక్ష నుంచి పది లక్షల దిర్హంల జరిమానా విధించేలా చట్టాన్ని సవరించింది. భారత్‌లోనూ 1983 చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చేందుకు 2025 అక్టోబరులో ముసాయిదా బిల్లును విదేశాంగ శాఖ ప్రజల ముందుంచింది. పదో తరగతి గీతకు అటూ ఇటూ ఉన్న ఈ వ్యత్యాసాన్ని, ఉప ఏజెంట్ల ప్రశ్నను ఆ చట్టం ఎలా పరిష్కరిస్తుందన్నది దాని విలువను నిర్ణయిస్తుంది.

జిల్లా చేయగలిగింది

చట్టం మారేదాకా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. యువతకు ఉపాధి నైపుణ్యాలు నేర్పే లైవ్‌లీహుడ్ కళాశాల 2011లో దంతెవాడలోనే మొదలైంది, తరువాత ఛత్తీస్‌గఢ్ అంతటికీ విస్తరించింది. డ్రైవింగ్‌తో పాటు ఒప్పందం చదవడం, ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు సంఖ్యను సరిచూడడం అక్కడే నేర్పవచ్చు. విదేశాంగ శాఖ ఉచితంగా ఇప్పించే ప్రయాణ పూర్వ శిక్షణను హల్బీ, గోండీ, దోర్లీ భాషల్లో అందించవచ్చు. ఎవరు, ఏ ఏజెంటు ద్వారా, ఏ దేశానికి వెళ్లారో గ్రామసభ స్థాయిలో ఒక రిజిస్టరు ఉంచితే, కష్టం వచ్చిన రోజున రాయబార కార్యాలయానికి ఇవ్వడానికి ఒక పేరు, ఒక చిరునామా ఉంటాయి. టామ్‌కామ్ వంటి ప్రభుత్వ నియామక సంస్థను ఛత్తీస్‌గఢ్ ఏర్పాటు చేసుకోవచ్చు. అంతవరకు పొరుగు రాష్ట్రాల అనుభవాన్ని పంచుకోవచ్చు.

వలసను ఆపాలనడం ఎవరి పనీ కాదు. మిర్చి చేలలో వంగిన నడుముకు, సొంతంగా బండి నడిపి రెట్టింపు సంపాదించాలన్న కోరిక న్యాయమైనదే. ఉత్తర తెలంగాణలో ఎన్నో ఇళ్లు గల్ఫ్ సొమ్ముతో లేచాయి, ఎందరో ఆడపిల్లల పెళ్లిళ్లు, చదువులు ఆ సొమ్ముతో జరిగాయి. దారిని మూసివేస్తే యువకులు దొంగదారి పడతారు. దారి చూపితే కాగితం చేతబట్టుకుని వెళతారు.

కనుక బయలుదేరే ముందు అడగవలసినవి కొన్నే. వీసాపై యజమానిగా ఎవరి పేరుంది? అది ఉద్యోగ వీసాయా, సందర్శక వీసాయా? ఏజెంటు లైసెన్సు సంఖ్య ఈ-మైగ్రేట్‌లో కనిపిస్తోందా? యజమాని, ఏజెంటు, కార్మికుడు ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం చేతిలో ఉందా? చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు ఉందా? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు దాటవేసినా డబ్బు చెల్లించకపోవడమే మేలు. ప్రవాస కార్మికుల కోసం విదేశాంగ శాఖ నడుపుతున్న 1800-11-3090 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి రాత్రి పగలు ఎప్పుడైనా విచారించవచ్చు. ఆ నంబరు, ఈ ప్రశ్నలు బస్తర్‌లోని ప్రతి హాట్ బజారులో, ప్రతి పంచాయతీ గోడపై కనిపించేలా రాయించడానికి కొత్త చట్టం గానీ, పెద్ద నిధులు గానీ అవసరం లేదు.